డేవిడ్ కొక్కెం

బేలు జారడం అందరూ చూశారు. దాన్ని ఆపడానికి చాలినన్ని చేతులే అక్కడ లేవు.

నరసరావుపేట శివార్లలో సాంబశివరావు పత్తిమిల్లు. గోడౌను అరుగు నుంచి లారీలోకి ఏటవాలుగా చెక్కబల్ల వేసి దూది బేళ్లు ఎక్కిస్తున్నారు. ఒక్కో బేలు ఇద్దరు మనుషుల బరువుంటుంది. బల్ల దగ్గర నలుగురుండాలి. పైనుంచి కొక్కేలు గుచ్చి లాగేవాళ్లు ఇద్దరు, కింద భుజం ఆనించి నెట్టేవాళ్లు ఇద్దరు. అది తాతల నాటి పద్ధతి. ఆ రోజు పైన రఫీక్ ఒక్కడే, కింద డేవిడ్ ఒక్కడే ఉన్నారు. కూలి తగ్గిన దగ్గర్నుంచి కుర్రవాళ్లు ఒక్కొక్కరే గుంటూరు మిర్చి గిడ్డంగులకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఇద్దరి మోత ఒక్కరే మోస్తున్నారు.

రఫీక్ కొక్కెం గుడ్డను చీల్చుకుని ఊడివచ్చింది. బేలు వెనక్కి దొర్లింది. డేవిడ్ పక్కకు దూకాడు కానీ కుడికాలు బల్ల మీదే ఉండిపోయింది.

హమాలీల ముఠా మేస్త్రి నూర్ మొహమ్మద్ అరుగు మీద నుంచి ఒక్క ఉరుకున దిగాడు. అందరూ కలిసి బేలు ఎత్తేసరికి డేవిడ్ అరుపు ఆగిపోయింది. ముఖం తెల్లగా పాలిపోయింది. మోకాలి కింద ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి కనిపిస్తోంది.

ఆఫీసు గదిలోంచి సాంబశివరావు బయటికి వచ్చాడు. వరండాలోనే నిలబడి గుమాస్తాను అడిగాడు.

"బేలు బురదలో పడిందా?"

ఆ తర్వాతే ఎవరికి దెబ్బ తగిలిందని అడిగాడు. ఆ రెండు ప్రశ్నల వరస నూర్ మొహమ్మద్ మనసులో అలాగే ఉండిపోయింది.

ఆటోలో డేవిడ్ తల నూర్ ఒడిలో ఉంది. ఆసుపత్రి దగ్గరపడుతుండగా కళ్లు తెరిచాడు.

"అన్నా, నా కొక్కెం బల్ల కింద పడిపోయింది."

"దాని సంగతి ఇప్పుడెందుకురా?"

"మేకుకి తగిలించమను. మర్చిపోతారేమో."

డేవిడ్ ఎందుకడుగుతున్నాడో నూర్‌కు తెలుసు. మిల్లు వెనక రేకుల షెడ్డులో గోడ నిండా మేకులున్నాయి. ముఠాలో చేరినవాడు తన కొక్కేన్ని ఒక మేకుకు తగిలిస్తాడు. ఆ కొక్కెం అక్కడున్నంతకాలం ముఠా సంపాదనలో అతనికి సమానంగా వాటా ఉంటుంది. జ్వరమొచ్చినా, కాలు విరిగినా, మంచాన పడినా వాటా ఆగదు. వేరేవాడి కొక్కెం మీద చెయ్యి వేయడం ముఠాలో ఎవరూ ఎరగరు. ఏ కంపెనీ ఇవ్వని భరోసా, ఏ సర్కారూ రాయని చట్టం ఆ మేకుల మీద వేలాడుతోంది.

"నేను తగిలిస్తాలే," అన్నాడు నూర్.

అన్నమాట ప్రకారం ఆ సాయంత్రమే తగిలించాడు. నూర్ మొహమ్మద్ మాటంటే మాటే. ముఠాను ముంచింది కూడా ఆ మాటే.

అంతకు కొన్నేళ్ల ముందు, కరోనా తగ్గిన తర్వాత పత్తి ధర ఆకాశానికి ఎక్కింది. ముప్పాళ్ళ, ఎడ్లపాడు వైపు నుంచి ట్రాక్టర్లు బారులు తీరి వచ్చేవి. మిల్లు మూడు పూటలా తిరిగేది. సాంబశివరావు కొత్త కారు కొన్నాడు, కూతురి పెళ్లి ఊరంతా చెప్పుకునేలా చేశాడు. ముఠా కూలి మాత్రం పాతదే. అప్పుడు నూర్ మొహమ్మద్ నలుగురిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లి తన తెలివంతా పెట్టి బేరమాడాడు. బేలుకు ఇంత అని స్థిరమైన కూలి వద్దు, పత్తి ధరను బట్టి కూలి కట్టండి, ధర ఎక్కితే మా కూలీ ఎక్కాలి అన్నాడు. అతని తాతలు ఇంటింటికీ తిరిగి దూది ఏకినవాళ్లు. పత్తి సంగతి తనకు తెలియనిదా అనుకున్నాడు.

సాంబశివరావు కాసేపు ఆలోచించినట్టు నటించి ఒప్పుకున్నాడు. "మరి దిగితే దిగాలి గదా నూరూ? ఇంకోటి. ఏం జరిగినా నా లోడు ఆపకూడదు."

"ఆపం. నా మాట."

ఆ రోజు షెడ్డులో బిరియానీ వండుకున్నారు. డేవిడ్ నూర్‌ను భుజాల మీదకెత్తుకుని మిల్లు చుట్టూ తిప్పాడు. "మా అన్న షావుకార్లకే షావుకారురా," అని పాట కట్టాడు.

ఏడాది తిరగకుండానే ధర కూలింది. ధరతో పాటు కూలీ కూలింది. మరుసటి ఏడు ఇంకా దిగింది. నూర్ ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కినా సాంబశివరావు కోప్పడలేదు. కుర్చీ చూపించేవాడు, టీ తెప్పించేవాడు.

"ధర నేను దించానా చెప్పు? ఎక్కడో చైనావాడు కొనడం మానేస్తే ఇక్కడ నా మిల్లు పడుకుంటంది. బ్యాంకోడు నా పీక మీద కూర్చున్నాడు. నీతో నేనేమన్నా మాట తప్పానా? నువ్వడిగిన పద్ధతే గదా."

నూర్ ముందు టీ చల్లారిపోయేది.

డేవిడ్ మంచాన పడ్డాక ముఠా షెడ్డులో కూర్చుంది. ఆ రోజు వచ్చిన కూలిని పంచుకోవాలి. కొక్కేలున్న మేకుల వైపు ఎవరూ చూడడం లేదు.

మొదట మాట్లాడింది రఫీక్. "అన్నా, తప్పుగా అనుకోమాక. అందరికీ పంచితే ఇంట్లోకి కావాల్సిన బియ్యంలో పావలా వంతు కూడా రావట్లా. పనికి రాని మడిసికి కూడా వాటా తియ్యాలంటే ఎట్టా?"

"పనికి రాని మడిసా?" నూర్ గొంతు పెంచాడు. "ఎవడి కొక్కెం ఊడి వాడి కాలు ఇరిగిందిరా?"

రఫీక్ ముఖం నల్లబడింది. "గుడ్డ చిరిగితే నేనేం చేసేది? నా పక్కన ఇంకోడుంటే చిరిగేదా? ఇంకోడు ఎందుకు లేడు? ఎవరి బేరం అన్నా అది?"

మహేష్ అనే కుర్రవాడు మధ్యలోకి వచ్చాడు.

"ఊరుకోండి బావా. రేపు నా కాలు ఇరిగితే నాకూ ఇదే మాట చెప్తారా?"

"ఇరిగిన్నాడు చూద్దాంలేరా. ఇయ్యాల ఇరగనోడి కడుపు సంగతి చూడు," అన్నాడు వెనక నుంచి ఎవరో. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

గుమ్మంలో జీవరత్నం నిలబడి ఉంది.

ఆమె డేవిడ్ భార్య. అదే మిల్లులో, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్ను యంత్రాలకు పత్తి అందించే పని. తల మీద, రెప్పల మీద దూది నూగు అలాగే ఉంది. వాటా తీసుకెళ్లడానికి వచ్చినట్టుంది. ఎంత సేపటి నుంచి వింటోందో తెలియదు.

"పొద్దుపోయింది, మళ్లీ వస్తాలే అన్నా," అంది నూర్‌తో. వెళ్లిపోయింది.

నూర్ డేవిడ్ వాటాకు తన వాటా కూడా కలిపి ఆమె ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాడు. ఆమె తీసుకుంది. కళ్లెత్తి చూడలేదు.

వారం తిరిగిందో లేదో, కర్ర ఊతంతో డేవిడ్ షెడ్డుకు వచ్చాడు. కట్టు ఇంకా విప్పలేదు. అందరూ లేచి నిలబడ్డారు. అతను నవ్వుతూ పలకరించాడు.

"ఏంది అట్టా చూస్తారు? పత్తికే గాదు, నా కాలిక్కూడా రేటు పడిపోయింది."

ఎవరూ నవ్వలేదు. డేవిడ్ ఒంటికాలి మీద గెంతుతూ గోడ దగ్గరికి వెళ్లి తన కొక్కేన్ని మేకు నుంచి తీసుకున్నాడు.

"డేవిడూ, పెట్టెయ్యి," అన్నాడు నూర్.

"వద్దన్నా. నా కొక్కెం మీద నేను చెయ్యి వేసుకుంటే తప్పేముంది? వీళ్లెవరన్నా వేస్తే తప్పు గానీ."

రఫీక్ అడ్డం వచ్చాడు. "నేను ఏదో కోపంలో అన్నాన్రా. నా మాట పట్టుకుంటావా?"

"నీది కోపం కాదురా రఫీకూ, ఆకలి. నాకు తెలీదా?" రఫీక్ భుజం తట్టాడు డేవిడ్. "కట్ల బజారులో ఎరువుల కొట్టోడు రమ్మన్నాడు. కూర్చుని చేసే పనేలే."

అది అబద్ధం. ఎరువుల కొట్టులో హమాలీకి కూర్చుని చేసే పని ఉండదు. అది తెలిసి కూడా ఎవరూ ఆ మాట అనలేదు. నూర్ కూడా అనలేదు. ఖాళీ మేకు వైపు చూస్తూ ఉండిపోయాడు.

నిలబడగలిగిన రోజు నుంచే డేవిడ్ అక్కడ బస్తాలు మోశాడు. మానని కాలి మీద బరువు పడింది. పుండు చీము పట్టింది, జ్వరం ఆగలేదు. సర్కారు ఆసుపత్రిలో చేర్చేసరికి విషం ఒళ్లంతా పాకిందన్నారు. నూర్ వెళ్లేసరికి జీవరత్నం వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె ఏడవడం లేదు. డేవిడ్ చెప్పులు ఒళ్లో పెట్టుకుని వాటికి అంటిన ఎరువు పొడిని కొంగుతో తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

క్రైస్తవుల సమాధుల తోటలో గొయ్యి తవ్వింది రఫీక్. ఎవరినీ పార పట్టనివ్వలేదు.

డేవిడ్ పోయిన కొద్దికాలానికే ధర కదిలింది. నూర్ కూతురు యాస్మిన్ డిగ్రీ చదువుతోంది. ఫోన్‌లో చూసి చెప్పింది. "నాయనా, పత్తి ఎక్కుతోంది."

నూర్ ఆ రోజే ఆఫీసుకు వెళ్లాడు. సాంబశివరావు ఎప్పటిలాగే కుర్చీ చూపించాడు.

"అవును, ఎక్కుతోంది. ఇంకా ఎక్కుద్ది. అందుకే అమ్మట్లేదు."

"మరి మా కూలి?"

"బేలు కదిలితే గదా నూరూ కూలి? గోడౌన్లో ఉన్నదానికి ఏం కట్టమంటావు?"

ఇంటికొచ్చి నూర్ ఈ మాటలు చెబితే యాస్మిన్ అతని ముందు అన్నం పళ్లెం పెట్టింది. తర్వాత అంది.

"మన కూలిని ధరకి కట్టేశావు గదా నాయనా. ఆ పగ్గం ఎవరి చేతిలో ఉందనుకున్నావు?"

"దేవుడి చేతిలో."

"గోడౌను తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ల చేతిలో. ధర దిగితే ఆయన పత్తిని దాచిపెట్టుకుంటాడు, ఎక్కినాక అమ్ముతాడు. నువ్వు నీ ఒంట్లో సత్తువని దాచుకోగలవా? ఇయ్యాల్టిది ఇయ్యాలే అమ్మాలి. లేకపోతే అది లేనట్టే."

నూర్ అన్నం పళ్లెం పక్కకు జరిపాడు. ఇన్నాళ్లూ తన బేరం తప్పు లెక్కేమో అనుకున్నాడు. లెక్కలో తప్పు లేదు. ధర ఎక్కినప్పుడు ముఠాను కూర్చోబెట్టడానికి, దిగినప్పుడు వంచడానికి తాడును తన చేత్తోనే పేని ఇచ్చాడు. ఆ తాడు డేవిడ్ కాలికి చుట్టుకుంది.

పక్షం రోజులు గడిచాక ఒక పొద్దున మహేష్ సైకిలు తొక్కుకుంటూ వగరుస్తూ వచ్చాడు. "అన్నా, లారీలు వచ్చినయి. వరసగా. మనల్ని పిలవలా. మాచర్ల వైపు నుంచి ఎవరినో డీసీఎంలో దించుతున్నారు."

మిల్లు గేటు దగ్గరికి ముఠా అంతా కొక్కేలు తీసుకుని చేరింది. లోపల కొత్తవాళ్లు అరుగు మీద నిలబడి ఉన్నారు. వానలు లేక చేలు ఎండిన ఊళ్లవాళ్లు. బక్కచిక్కిన మనుషులు, చేతుల్లో కొక్కేలు. వాళ్ల మేస్త్రి పేరు వెంకట సాయి. అతను బయటివాళ్ల వైపు చూసి తల దించుకున్నాడు.

"దొంగనాయాళ్లారా, మా కూడు లాక్కోడానికి వచ్చారా?" అని ఇటు నుంచి ఒకడు రాయి తీశాడు. నూర్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆళ్లూ మనలాంటోళ్లేరా. రాయి కింద పడెయ్యి."

సాంబశివరావు గేటు దాకా వచ్చాడు. గేటు బయట రోడ్డు పక్కన ఎస్సై, కానిస్టేబుళ్లు, ఒక వ్యాను. ముందే పిలిపించి ఉంచాడు. అయినా మాట మాత్రం మెత్తగానే ఉంది.

"నూరూ, పక్కకి తప్పుకోండి. లారీలు లోడయి బయటికి పోవాలి."

"కూలి తగ్గిన రోజుల్లో మేం లోడు చేశాం. ఎక్కిన రోజు వేరేవాళ్లా?"

"ఎవరి చేత లోడు చేయించుకోవాలో నా ఇష్టం. దాని మీద నీకు మాటివ్వలేదు. నువ్వు మాత్రం నాకు ఇచ్చావు. లోడు ఆపనని, నలుగురిలో. ఇచ్చావా, లేదా?"

ముఠా మొత్తం నూర్ వైపు చూసింది. అతను ఆ మనిషి కళ్లలోకి చూశాడు.

"ఇచ్చాను."

"మరి?"

మాట తప్పనివాడని ఊరంతా చెప్పుకునే పేరు ఒక్కటే నూర్ ఆస్తి. తండ్రి అతనికి వదిలివెళ్లింది కూడా అదే. ఆ పేరు అతని నాలుకను పట్టుకుంది.

అప్పుడు మిల్లు లోపల జిన్నుల చప్పుడు ఆగింది.

ఆగిన చప్పుడు అందరికీ వినబడింది. ఎప్పుడూ ఆగనిది ఆగితే అట్లాగే వినబడుతుంది. ఆడవాళ్లు ఒంటి నిండా దూదితో పక్క గుమ్మం గుండా గేటు బయటికి వచ్చారు. ముందు జీవరత్నం. ఆమె నడుముకు కట్టుకున్న కొంగులోంచి ఒక కొక్కెం తీసింది. దాని పిడి డేవిడ్ చేతి చెమటకు నల్లబడి ఉంది. తిన్నగా నడిచి వచ్చి దాన్ని గేటు అడ్డకడ్డీకి తగిలించింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు సాంబశివరావు.

"మా ఆయన కొక్కెం. ఆయన తీసుకెళ్లిపోతే నేను తీసుకొచ్చా." ఆమె కడ్డీ పట్టుకుని నిలబడింది. "పత్తి ధర దిగిందని మా కూలి దించారు. ఆ రోజు మాకు ఆకలి దిగిందా అయ్యా? ధర ఎక్కిందని గోడౌనుకి తాళం వేశారు. నేను పొయ్యికి తాళం వెయ్యగలనా?"

"చావుకి నేను బాధ్యుణ్ణా? వాడు చచ్చింది నా మిల్లులో కాదు."

"కాదు. కాలు ఇక్కడ పోయింది, మడిసి అక్కడ పోయాడు." ఆమె నూర్ వైపు తిరిగింది. "నూరన్నా, నీ మాట గట్టిదని ఆయన ఎప్పుడూ అనేవాడు. దాని కిందే నలిగి పోయాడు. ఇంకా ఎంతమందిని పెడతావు దాని కింద?"

నూర్ మొహమ్మద్ భుజాన ఉన్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అందరికీ వినబడేలా, నెమ్మదిగా అన్నాడు.

"లోడు ఆపనని మాటిచ్చాను. ఇయ్యాల తప్పుతున్నా. నలుగురిలో ఇచ్చాను, నలుగురిలోనే తప్పుతున్నా. మా కూలి ఇంక పత్తి ధర మీద కాదు. మడిసి బతకడానికి ఎంత కావాలో అంత. బల్ల దగ్గర నలుగురు. డేవిడ్ వాటా జీవరత్నానికి. ఇది ఒప్పుకునేదాకా ఒక్క బేలు కదలదు."

తన కొక్కెం తీసి డేవిడ్ కొక్కెం పక్కన తగిలించాడు. రఫీక్ ఏడుస్తూ తగిలించాడు. మహేష్ తగిలించాడు. ఇనుము ఇనుముకు తగిలి గేటంతా గలగలమంది.

"వెంకట సాయీ, చూస్తావేంది? మొదలుపెట్టు," అని సాంబశివరావు అరిచాడు. మొట్టమొదటిసారి అతని గొంతు పగిలింది.

వెంకట సాయి అరుగు దిగి గేటు లోపలి వైపుకు వచ్చాడు. డేవిడ్ కొక్కేన్ని చూశాడు.

"మీ దగ్గర కూడా మేకు మీద ఉన్నంతకాలం వాటానేనా?" అని నూర్‌ను అడిగాడు.

"అదే పద్ధతి."

"మా దగ్గరా అంతే." అతను వెనక్కి తిరిగి తన మనుషుల్ని చూశాడు. పొద్దున నుంచి వాళ్లు ఏమీ తినలేదు. వాళ్లలో ఒక పెద్దాయన మెల్లగా తలూపాడు. వెంకట సాయి లోపలి నుంచి తన కొక్కేన్ని అదే కడ్డీకి తగిలించాడు. "పోయినోడి కొక్కెం దాటి మేం లోడు చెయ్యలేం అయ్యా. మమ్మల్ని ఎండిన చేల దగ్గర దించెయ్యండి, పోతాం. లేదా వీళ్లతో పాటు ఇక్కడే కూర్చుంటాం."

వాళ్లు కూర్చున్నారు. గేటుకు అటు కొందరు, ఇటు కొందరు.

ఎస్సై ముందుకొచ్చి నూర్ చొక్కా పట్టుకున్నాడు. జనం ఒక్కసారిగా లేచారు. లాఠీలు లేచాయి. రఫీక్ నుదురు చిట్లింది. ఆడవాళ్లు వ్యానుకు అడ్డంగా పడుకున్నారు. నూర్ రెండు చేతులూ ఎత్తి అరిచాడు.

"నన్ను తీసుకెళ్లనీయండి. గేటు వదలొద్దు. అంతే, గేటు వదలొద్దు."

సంకెళ్లు వేసి వ్యానులోకి తోశారు. నూర్ జాలీ కిటికీకి ముఖం ఆనించాడు. గేటు తెరవాలంటే కడ్డీ మీద ఉన్న కొక్కేలన్నీ తియ్యాలి. సాంబశివరావు గుమాస్తాను గద్దించాడు. గుమాస్తా చెయ్యి చాచాడు. ఒక చివరన ఉన్న డేవిడ్ కొక్కెం నల్లటి పిడి దగ్గర ఆగాడు. డేవిడ్ పడిన రోజు బేలుకు బురద అంటిందో లేదో చూసి చెప్పిందీ ఆ గుమాస్తానే. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తలవంచుకుని ఆఫీసులోకి వెళ్లిపోయాడు.

జీవరత్నం వ్యాను పక్కకు వచ్చింది. జాలీలోంచి అతని వేళ్లు పట్టుకుంది.

"దిగులు పెట్టుకోమాక అన్నా. నీ కొక్కెం వేలాడతానే ఉంది. నువ్వు వచ్చేదాకా నీ వాటా ఇంటికి చేరుద్ది. ఎవరన్నా కాదంటే నేనున్నాగా."

సరిగ్గా ఈ మాటే. షెడ్డులో డేవిడ్ మేకు మీద చెయ్యి వేసిన రోజు ఎవరో ఒకరు లేచి ఈ ఒక్క మాట గట్టిగా అని ఉంటే అతను ఇంటికెళ్లి పడుకునేవాడు. కాలు మానేది. అనాల్సిన మనిషి తనే. నూర్ మొహమ్మద్ వ్యాను నేల మీద కూలబడి, సంకెళ్లు పడిన చేతుల్లో ముఖం దాచుకుని, పెద్దగా ఏడ్చాడు. పక్కన కూర్చున్న కానిస్టేబుల్ చూపు తిప్పుకున్నాడు.

ఇంజను మోగింది. బయట ఎవరో డేవిడ్ పేరు పిలిచారు. అటు మాచర్లవాళ్లు, ఇటు పేటవాళ్లు, మధ్యలో ఒంటి నిండా దూదితో ఆడవాళ్లు, అందరూ ఒక్క గొంతుతో ఆ పిలుపుకు ఉన్నాడంటూ బదులు పలికారు.

వ్యాను కదిలింది. వెనక గేటు కదల్లేదు.